పురుగు చచ్చిందా అని కాదు, తింటోందా లేదా అని చూడండి

ఈసారి పోస్టు పొడుగైంది. తీరిక దొరికినప్పుడే చదవండి గానీ మధ్యలో వదిలేయకండి. పోయిన ఖరీఫ్‌లో సుడిదోమ విషయంలో నేను చేసిన తప్పు మీరెవరూ చేయకూడదని రాస్తున్నా.

కాలవ పక్కన నాకు ముప్పావు ఎకరం మడి ఉంది. అందులో బీపీటీ వేశా. పొట్ట దశలో దోమ కనపడింది. దుబ్బు వంచి అరచేత్తో కొడితే నీళ్ళలో టపటపా రాలుతున్నాయి. ఆలస్యం చేయకుండా పైమెట్రోజిన్ తెచ్చి, ఎకరానికి 120 గ్రాముల లెక్కన మొదళ్ళు తడిచేలా కొట్టించా. మర్నాడు పొద్దున్నే టీ కూడా తాగకుండా పోయి దుబ్బు వంచి చూశా. దోమ దోమలాగే ఉంది. నీళ్ళలో పడి మళ్ళీ ఎక్కుతోంది. పక్క మడి బాబాయి గట్టు మీద నుంచి, "ఏరా, మందు కొట్టావా, నీళ్ళు కొట్టావా?" అన్నాడు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు మందుల కొట్టుకి పోయా. "ఆ మందు ఈ మధ్య సరిగ్గా పనిచేయట్లేదండీ, ఇది కొట్టండి, సాయంత్రానికి పడిపోద్ది" అని ఇంకో డబ్బా చేతిలో పెట్టారు. పైరిథ్రాయిడ్ కలిసిన మందు అది. కొట్టా. నిజంగానే సాయంత్రానికి నీళ్ళ మీద దోమ తెట్టు కట్టింది. దాంతోపాటు సాలీళ్ళు, దోమని తినే మిరిడ్ నల్లులు కూడా తేలాయి. నేను వాటిని లెక్క చేయలేదు. మందంటే ఇదీ అని బాబాయికి పిలిచి మరీ చూపించా.

పన్నెండో రోజుకి దోమ మొదటికంటే రెట్టింపు అయింది. ఆ తర్వాత వారంలో మడి మధ్యలో సుడి పడింది, అది రెండయింది, రెండూ కలిసిపోయాయి. ఇరవై నాలుగు బస్తాలు రావలసిన మడిలో పదమూడు వచ్చాయి. రెండు మందుల ఖర్చు, నలుగురు మనుషుల కూలి దానికి అదనం.

కొట్టు ఆయన్ని నేను తిట్టను. ఆయన అమ్ముకునేవాడు. మడి నాది, చూడాల్సిన కళ్ళు నావి. చూడాల్సింది వదిలేసి ఇంకేదో చూశాను, అదీ నా తప్పు.

సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికొచ్చింది. జువాలజీలో పీజీ చేసింది. ఈ గోడంతా చెబితే నవ్వి, "నాన్నా, నువ్వు మొదట కొట్టిన మందు దోమని చంపదు, దాని నోరు కట్టేస్తుంది. అది ఆకలితో చావాలి. ఆకలితో చావడానికి మూడు నాలుగు రోజులు పట్టదా? నువ్వు మర్నాడే పోయి శవాల్ని వెతికావు" అంది.

నేను ఇంటర్ బైపీసీ దగ్గర ఆపేసినవాణ్ణి. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. "అవునమ్మా, అసలు పురుక్కి ఆకలేస్తోందని ఎలా తెలుస్తది? కడుపు నిండిందని ఎలా తెలుస్తది? దానికి మనలాగా పెద్ద మెదడు లేదు గదా" అని అడిగా. ఆ పండగ మూడు రోజులూ అదే కబురు. తర్వాత తను పంపినవి కూడా చదివా. అర్థమైనంత వరకు మన భాషలో చెబుతా. ఇది తెలిస్తే మందుల మీద మనం చేసే ఖర్చులో కొంతైనా మిగులుతుందని నా నమ్మకం.

ముందు ఈగ సంగతి. చిన్నప్పుడు బెల్లం గానుగ దగ్గర ఈగల్ని చూసే ఉంటారు. ఈగ బెల్లం మీద వాలీ వాలగానే తొండం కిందికి దించుతుంది. తొండం ఆనకముందే అది తీపి అని దానికి ఎలా తెలిసింది? కాళ్ళతో తెలిసింది. ఈగ పాదాలకి సన్నటి వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుకలో రుచి చూసే నాడీకణాలు కొన్ని ఉంటాయి. తీపికి ఒకటి, నీటికి ఒకటి, ఉప్పుకి ఒకటి, ఇలాగ. పాదం తీపిని తొక్కితే కబురు నరం మీద పోతుంది, తొండం దిగుతుంది. మనం నాలుకతో చేసే పని అది పాదంతో చేస్తుంది.

అమెరికాలో విన్సెంట్ డెథియర్ అనే ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఈ ఈగ ఆకలి మీదే పెట్టాడు. 1976లో ఆకలిగొన్న ఈగ మీదే పెద్ద పుస్తకం రాశాడు. ఆయన చూసింది ఏంటంటే, పస్తు ఉన్న ఈగ చాలా పలచటి పంచదార నీళ్ళకి కూడా తొండం దించుతుంది. కడుపు నిండిన ఈగ అవే నీళ్ళని తొక్కినా పట్టించుకోదు. పాదం అదే, తీపి అదే. మరి ఎక్కడో ఎవరో "ఇక చాలు" అని చెబుతున్నట్టే గదా. ఎవరు చెబుతున్నారు?

రక్తంలో చక్కెర పెరిగితే ఆగుతుందేమో అనుకున్నారు. ఈగ రక్తంలోకి చక్కెర ఎక్కించి చూశారు. ఆగలేదు, తింటూనే ఉంది. ఈగ గొంతు వెనక ఆహారపు గొట్టం మీద నుంచి మెదడుకి పోయే సన్న నరం ఒకటుంది. 1958లో డెథియర్, ఇంకో శాస్త్రవేత్త బోడెన్‌స్టైన్ కలిసి ఆ నరాన్ని కోసి చూశారు. ఆ ఈగలు తినడం ఆపలేదు. పొట్ట బుడగలా ఉబ్బిపోయినా తింటూనే ఉన్నాయి.

దీన్ని బట్టి తెలిసిందేంటి? ఈగకి ఒంట్లో బలం తగ్గిందనో, చక్కెర తగ్గిందనో ఆకలి పుట్టదు. ఎదురుగా రుచి ఉంటే తినడమే దాని పని. మేత గొట్టం సాగినప్పుడు "చాలు" అని నరం కబురు పంపుతుంది, అప్పుడు ఆగుతుంది. సంచిలోది మెల్లగా కిందికి జారి గొట్టం వదులైతే ఆ కబురు తగ్గిపోతుంది, మళ్ళీ తింటుంది. ఎడ్లబండి పల్లంలో పోయేటప్పుడు బండిని ఎవరూ నెట్టక్కర్లేదు, ఆపడానికే పట్టు కావాలి. ఈగ ఆకలీ అంతే. ఆపే పట్టు ఒక నరంలో ఉంది.

మనల్ని రాత్రిళ్ళు కుట్టే దోమదీ ఇదే కథ. ఆడదోమ పొట్ట రక్తంతో సాగినప్పుడు పొట్టలోంచి నరం కబురు పంపితే అది తాగడం ఆపి లేచిపోతుంది. 1969లో గ్వాడ్జ్ అనే శాస్త్రవేత్త పొట్ట నుంచి పైకి పోయే ఆ నరాల తాడుని ముందుభాగంలో తెంపి చూశాడు. ఆ దోమలు తాగుతూనే పోయాయి. కొన్ని పగిలిపోయాయి కూడా. పొట్ట పగిలేదాకా తాగినా "చాలు" అనే కబురు తలకాయకి అందలేదు.

ఇంకా చిన్న జీవిని చూద్దాం. టమాటా వేర్లకి బుడిపెలు తెచ్చే నులిపురుగులు మనకి తెలుసు. వాటికి దూరపు చుట్టం ఒకటి మట్టిలో, కుళ్ళిన పళ్ళ మీద బాక్టీరియాని తిని బతుకుతుంది. పొడవు ఒక మిల్లీమీటరు. దాని ఒళ్ళంతా కలిపి 302 నాడీకణాలే. తిండి లేకపోతే అది తిరుగుతూ వెతుకుతుంది. మంచి తిండి కడుపు నిండా దొరికితే కదలకుండా పడుకుంటుంది. అన్నం తిని అరుగు మీద నడుం వాల్చే మనకీ దానికీ ఈ విషయంలో తేడా లేదు. ఆకలి తెలియడానికి బుర్ర అక్కర్లేదు, నాలుగు నరాలు సరిపోతాయి.

ఇప్పుడు పంట తినే పురుగుల దగ్గరికొద్దాం. 1970ల్లో లండన్‌లో రెజినాల్డ్ చాప్‌మన్, ఎలిజబెత్ బెర్నేస్ మిడతల మీద పనిచేశారు. మిడత మేత సంచి నిండి సాగితే నరం కబురు పోయి తిండి ఆగుతుంది, ఇది ఈగలాంటిదే. దానికి తోడు ఇంకో విచిత్రం ఉంది. మిడత నోటి పక్కన చిన్న మీసాల్లాంటివి ఉంటాయి, వాటితో ఆకు రుచి చూస్తుంది. రుచి లోపలికి పోవడానికి వాటి చివర సన్నటి రంధ్రాలుంటాయి. కడుపు నిండాక ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ఆకు నోటి ముందే ఉన్నా రుచి తెలియదు. ఆకలేసే వేళకి మళ్ళీ తెరుచుకుంటాయి. వ్యాపారం అయ్యాక కొట్టుకి తలుపులు వేసినట్టు.

ఇంకొకటి, ఇది మనకి బాగా కావలసింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో స్టీఫెన్ సింప్సన్ వాళ్ళు చూసింది ఏంటంటే, మిడతకి ఆకలి ఒక్కటి కాదు. మాంసకృత్తుల ఆకలి వేరు, పిండి చక్కెర ఆకలి వేరు. మాంసకృత్తులు తక్కువ తిన్న మిడతకి, అవి తయారయ్యే అమైనో ఆమ్లాల రుచి బాగా తెలుస్తుంది. అవి చాలినంత తిన్నదానికి ఆ రుచి అంత పట్టదు. అంటే ఒంట్లో ఏది కొరత ఉందో దానికే నాలుక పదునెక్కుతుంది. కట్టుగొయ్యకి ఉన్న పశువు ఉప్పు కోసం గోడలు నాకడం మనం చూసిందే గదా.

అమైనో ఆమ్లాలంటే నత్రజని. నత్రజని అంటే మన యూరియా. యూరియా ఎక్కువేసిన మడిలో సుడిదోమ ఎక్కువవుతుందని వ్యవసాయాధికారులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. మనం వినీ విననట్టు ఉంటాం. "ఆకు పచ్చగా ఉంటే దోమకేంటి సంబంధం" అని నేనూ అన్నవాణ్ణే. దోమ పీల్చేది మొక్క రసం. ఆ రసంలో అమైనో ఆమ్లాలు ఎంత ఉంటే దానికి అంత విందు. అది బాగా పీల్చి, బాగా గుడ్లు పెట్టి, పిల్లలు కూడా బతికి బట్టకడతాయి.

దీనికి గట్టి రుజువు మన దేశపు వడ్లలోనే ఉంది. ముడ్గో అని ఒక పాత భారతీయ వరి రకం. ఫిలిప్పీన్స్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో సుడిదోమని దాని మీద వదిలితే, మొక్కలోకి సూది దించుతుంది గానీ పీల్చదు. పిల్ల దోమలైతే ఆకలితో చచ్చిపోయాయి. 1970లో సొగావా, పాఠక్ అనే ఇద్దరు దీని కారణం వెతికారు. దోమ నోరూరించే ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఆ రకం రసంలో తక్కువగా ఉందని తేల్చారు. విషం ఏమీ లేదు. దోమకి రుచించలేదు, అంతే. కూర్చుని తినే విస్తరి ముందున్నా అన్నం సహించక లేచిపోయినట్టు. ఆ రకంలోని గుణాన్నే తీసుకుని తర్వాత దోమని తట్టుకునే రకాలు తయారుచేశారు.

చూశారా, ఆకలి అనేది ఒక వరసలో నడిచే పని. పాదమో మీసమో రుచి చూడాలి, అది బాగుందని కబురు పోవాలి, నోరు కదలాలి, పొట్ట నిండాక ఆగాలి. ఈ వరసలో ఎక్కడ తెగినా పురుగు తినదు. తినకపోతే మన పంటకి నష్టం ఆ క్షణం నుంచే ఆగిపోయినట్టు. పురుగు మాత్రం ఇంకా బతికే ఉంటుంది, మనకి కనపడుతూనే ఉంటుంది. మనం మోసపోయేది ఇక్కడే.

ఏ మందు ఎక్కడ తెంపుతుందో చూద్దాం.

వేప రుచి దగ్గర తెంపుతుంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు చెట్లన్నీ బోడి చేసి వేపచెట్లని వదిలేయడం జర్మనీ శాస్త్రవేత్త ష్ముట్టెరర్ చూశాడు. 1962లో ఢిల్లీ మీదికి మిడతలు వచ్చినప్పుడు మన ప్రధాన్, జోత్వానీ, రాయ్ వేపగింజల పప్పు నీళ్ళలో కలిపి పైర్ల మీద కొట్టించారు. మిడతలు వాలాయి గానీ తినలేదు. వేపలో ఉండే అజాడిరాక్టిన్ పురుగు నోటి దగ్గరున్న "ఇది తినకూడదు" అనే కణాల్ని రేపుతుంది. తీపి చెప్పే కణం నోరు నొక్కేస్తుంది. అంతేకాదు, కొంచెం తిన్న పురుగు కూడా సరిగ్గా కుబుసం విడవలేదు. అయితే వేపకి రెండు లోపాలున్నాయి, దాచకూడదు. ఎండకి తొందరగా పోతుంది. ఇంకొకటి, బాగా పస్తున్న పురుగు చేదునైనా సహిస్తుంది. ఆకలి రుచెరగదని మన పెద్దలు ఊరికే అనలేదు. అందుకే పురుగు మొదలైన తొలి రోజుల్లో, సాయంత్రం పూట కొట్టాలి. ఎకరానికి పది కిలోల వేపగింజల పొడి, 200 లీటర్ల నీళ్ళు.

నేను కొట్టిన పైమెట్రోజిన్ వేరే చోట తెంపుతుంది. పురుగు కీళ్ళలో, మీసాల మొదట్లో, అవయవం ఎంత సాగింది, ఎటు వంగింది అని చెప్పే నాడీ అవయవాలుంటాయి. మనం చీకట్లో కూడా ముద్ద సరిగ్గా నోట్లోనే పెట్టుకుంటాం గదా, అలాంటి తెలివి అది. ఈ మందు ఆ అవయవాల్ని పిచ్చిపట్టినట్టు మోగిస్తుంది. దోమ కాళ్ళు కుదురుగా పెట్టలేదు, సూది సరిగ్గా దించలేదు, పీల్చలేదు. మందు తగిలిన కొన్ని గంటలకే పీల్చడం ఆగుతుంది. దోమ చావడానికి మాత్రం రోజులు పడుతుంది. నేను మర్నాడు దుబ్బు కొట్టి చూసినప్పుడు నీళ్ళలో పడి మళ్ళీ ఎక్కిన దోమ బహుశా అప్పటికే పస్తులో ఉంది. నేను ఆ పస్తుని చూడలేదు, దాని నడకనే చూశాను.

లద్దెపురుగుకి, కాండం తొలిచే పురుగుకి కొట్టే క్లోరాంట్రనిలిప్రోల్ కండరం దగ్గర తెంపుతుంది. పురుగు దవడ బిగుసుకుపోతుంది. ఆకు పట్టుకుని ఒకటి రెండు రోజులు వేలాడుతుంది, కొరకదు. పత్తిలో బీటీ పేగు దగ్గర తెంపుతుంది. పురుగు కొంచెం కొరికాక పేగు దెబ్బతిని తిండి మానేస్తుంది, చావు తర్వాత వస్తుంది.

మరి మనకెందుకు ఈ తొందర? మన కంటికి ఆ అలవాటు ఎక్కడిది? నేను వ్యవసాయంలోకి దిగిన రోజుల్లో అందరి చేతిలోనూ మోనోక్రోటోఫాసే. కొట్టిన గంటకి పురుగు గిలగిలా కొట్టుకుని రాలేది. అప్పటి నుంచి మందు అంటే రాలడం అని మన కంటికి పాఠం పడింది. మా నాన్న కూడా కొట్టిన సాయంత్రం గట్టు మీద తిరిగి రాలిన పురుగుల్ని చూసి తృప్తిగా ఇంటికొచ్చేవాడు. ఆ మందుల కాలానికి ఆ లెక్క సరిపోయింది. మందులు మారాయి, మన కళ్ళు మారలేదు. కొట్టులో కూడా మన కంటికి తగ్గ సరుకే ఇస్తారు. రాలాలని మనం అడుగుతాం, రాలేది వాళ్ళు ఇస్తారు.

రాలేది ఇస్తే నష్టమేంటి అంటారేమో. ఒకటి, మిరిడ్ నల్లులూ సాలీళ్ళూ మనకి కూలి అడగని మనుషులు. వాటిని మనమే చంపి, గుడ్లలోంచి వచ్చే కొత్త దోమకి ఎదురు లేకుండా చేస్తాం. రెండోది ఇంకా ఘోరం. 1980లో చెల్లయ్య, హైన్‌రిక్స్ అనే శాస్త్రవేత్తలు ఇదే సుడిదోమ మీద చూశారు. కొన్ని పైరిథ్రాయిడ్, కొన్ని పాత రకం మందులు కొట్టిన వరి మీద బతికి మిగిలిన దోమ మామూలుకంటే ఎక్కువ పీల్చింది, ఎక్కువ గుడ్లు పెట్టింది. అంటే ఒక మందుతో పస్తు పెట్టిన దోమకి నేను రెండో మందుతో ఆకలి పెంచాను. డబ్బిచ్చి మరీ చేశాను. వరిలో సుడిదోమకి పైరిథ్రాయిడ్ మందులు వద్దని అధికారులు చెప్పేది ఇందుకే.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు. బాబాయి కూడా ఇదే అడిగాడు. "నువ్వు చెప్పేది బాగానే ఉంది గానీ, నాలుగు రోజులు చేతులు ముడుచుకుని కూర్చుంటే, ఆ మందు నిజంగానే పనిచేయకపోతే మడి పోద్ది గదా? కల్తీ మందులు లేవా? కౌలు రైతుకి ఎవడు కడతాడు?"

న్యాయమైన మాట. కళ్ళు మూసుకుని ఆగమని నేను అనట్లేదు. సరైనది చూస్తూ ఆగమంటున్నా. నేను ఈ రబీ నుంచి చేస్తున్నది చెబుతా.

మందు కొట్టే ముందే మడిలో అక్కడక్కడా పది దుబ్బులకి రంగు తాడు కడతాను. ఒక్కో దుబ్బుకి ఎన్ని దోమలున్నాయో, ఎన్ని సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ఉన్నాయో లెక్కేసి చిన్న పుస్తకంలో రాస్తాను. కొట్టిన మూడో రోజు, ఐదో రోజు అవే దుబ్బుల్లో మళ్ళీ లెక్క. మర్నాడు అసలు పోను, పోతే మనసాగదు. ఐదో రోజుకి లెక్క సగానికి దిగకపోతే అప్పుడు మందునో, కొట్టిన తీరునో అనుమానిస్తాను.

రెండోది, తిండి గుర్తులు చూస్తాను. దోమ రసం పీల్చితే వెనక నుంచి తీపి జిగురు వదులుతుంది. శాస్త్రవేత్తలు కూడా దోమ ఎంత తాగిందో కొలవడానికి మొక్క మొదట్లో మందు పూసిన కాగితం పెట్టి, దాని మీద పడిన జిగురు మచ్చల్నే లెక్కపెడతారు. మనకి కాగితం అక్కర్లేదు. మొదళ్ళు చేత్తో తడిమితే కొత్త జిగురు తెలుస్తుంది. లద్దెపురుగుకి అయితే ఇంకా తేలిక. సాయంత్రం చెట్టు కింద తెల్లటి సంచి పరిచి పొద్దున్నే చూడండి. పచ్చటి తడి రెట్ట పడితే పురుగు తింటోంది, మందు పనిచేయలేదు. పురుగు కనపడుతున్నా కొత్త రెట్ట లేకపోతే దాని నోరు మూతపడినట్టే. తినని పురుగు రెట్ట వేయదు. ఇంతకంటే అబద్ధం చెప్పని సాక్ష్యం పొలంలో లేదు.

మూడోది, గుడ్ల సంగతి గుర్తు పెట్టుకోవాలి. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, వాటికి ఆకలి లేదు, మందూ అంటదు. వారం పది రోజులకి పిల్లలు వస్తాయి. అప్పుడు కనపడే సన్నటి పిల్ల దోమల్ని చూసి "మందు ఫెయిలు" అనకూడదు. అవి కొత్త తరం. వాటిని లెక్కేసి, మిత్రపురుగులు ఎన్ని ఉన్నాయో చూసి, అవసరమైతేనే రెండో మందు. అదీ వేరే రకంది, వ్యవసాయాధికారిని అడిగి.

ఇంకో మాట. మడిలో సుడులు పడిపోయాక, దుబ్బు దుబ్బుకీ దోమ కుప్పలు కట్టాక, నిదానంగా పనిచేసే మందు మీద ఒక్కదాని మీద భారం వేయకండి. అప్పటికి ఆలస్యమైపోయినట్టే. అసలు అంతదాకా రాకుండా ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట తీయడం, నీళ్ళు తీసి ఆరబెట్టడం, యూరియా ఒకేసారి కుమ్మరించకపోవడం, ఇవన్నీ దోమ విస్తరి చిన్నది చేసే పనులు. వీటికి ఖర్చు లేదు, అందుకే వీటికి విలువ కూడా లేకుండా పోయింది.

చివరగా నా అభిప్రాయం సూటిగా చెబుతా. తప్పు మన ఒక్కరిదే కాదు. మందు డబ్బా మీద ఏ పంటకి, ఎంత మోతాదు అని ఉంటుంది. "ఈ మందు కొట్టిన ఇన్ని గంటలకి పురుగు తినడం ఆపుతుంది, ఇన్ని రోజులకి చస్తుంది, మర్నాడు పురుగు కనపడితే కంగారు పడి ఇంకోటి కొట్టకండి" అనే రెండు ముక్కలు పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉంటే నాకు ఆ పదకొండు బస్తాలు పోయేవి కావు. ఇది కంపెనీలు చేయాలి, చేసేలా ప్రభుత్వం చూడాలి. రైతు శిక్షణ అని పిలిచి కొత్త మందు పేర్లు చెప్పి పంపకుండా, అది పురుగు ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో ఒక్క గంట చెప్పాలి. అర్థం కాదనుకోవద్దు. గేదె మేత ముట్టకపోతే మూడు రకాలుగా కారణం చెప్పగల మనుషులం మనం. పురుగు మేత ముట్టకపోవడం మనకి అర్థం కాదా?

మొన్న రబీలో బాబాయి మడికి దోమ వస్తే అదే పైమెట్రోజిన్ కొట్టాడు. రెండో రోజు నాకు ఫోన్ చేసి, "ఒరే, ఇంకా తిరుగుతున్నాయిరా" అన్నాడు. "తిరగనీ బాబాయ్, మొదళ్ళు తడిమి చూడు, జిగురుందా?" అన్నా. కాసేపటికి, "లేదురా, పొడిగానే ఉంది" అన్నాడు. "అయితే ఇంటికి పోయి అన్నం తిను, అవి తినట్లేదు" అన్నా. ఐదో రోజుకి తాడు కట్టిన దుబ్బుల్లో దోమ ఒకటీ అరా మిగిలింది, సాలీళ్ళు గూళ్ళు కట్టుకుని అలాగే ఉన్నాయి. రెండో మందు డబ్బులు ఆయన జేబులోనే ఉన్నాయి.

ఈ ఖరీఫ్‌కి మీరూ పది దుబ్బులకి తాడు కట్టి చూడండి. మీ లెక్క ఎలా వచ్చిందో, నా మాట ఎక్కడ తప్పిందో కూడా రాయండి. నలుగురికీ పనికొస్తుంది.

ఉంటాను.